యుద్ధకాలపు ఇంగ్లిష్ పల్లెలో హత్యకథ రాయాలంటే: గూఢచారిని తీసేసి ఒక నెల ఎంచుకోండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఒక ఇంగ్లిష్ పల్లె. అందులో చర్చి వికార్, పోస్టాఫీసు నడిపే ఆవిడ, రిటైరైన కల్నల్, లండన్ నుంచి తరలించిన పిల్లలు. బాంబులు పడిన రాత్రి కల్నల్ హత్య జరుగుతుంది. చంపింది జర్మన్ గూఢచారి అని చివర్లో తేలుతుంది. రక్తపాతం లేకుండా, టీ కప్పుల మధ్య నడిచే కోజీ మిస్టరీగా దీన్ని తెలుగులో రాయాలనుకుంటున్నారు. ఇది నిలబడుతుందా, ఏమేం తెలుసుకోవాలి, ఒక తెలుగు పాత్రను పెట్టొచ్చా అని అడిగారు.

నిలబడుతుంది. ఊరూ మనుషులూ బాగున్నారు. గూఢచారిని మాత్రం తీసేయండి. వీలైతే బాంబుల రాత్రిని కూడా తీసేయండి. వాటి బదులు ఒక సంవత్సరం, ఒక నెల ఖాయం చేసుకుని, ఆ నెలలో అమల్లో ఉన్న ఏదో ఒక నిబంధన మీద కథను నిలబెట్టండి. ఇలాంటి కథలో యుద్ధం చేయాల్సిన పని ఒకటే: ఊళ్లో ప్రతి ఒక్కరికీ పోలీసుకు అబద్ధం చెప్పాల్సిన అవసరం కల్పించడం. ఆ చిన్నచిన్న అబద్ధాల గుంపులో ఒక్క పెద్ద అబద్ధాన్ని దాచడమే మీ పని.

నేను ఇంగ్లండ్‌లో వూస్టర్‌షైర్ వైపు చాలా ఏళ్లుగా ఉంటున్నాను. తెలుగులో డిటెక్టివ్ కథలు రాస్తాను, కొత్తగా రాసేవాళ్ల మాన్యుస్క్రిప్టులు చదివి సలహాలిస్తుంటాను. ఇక్కడి పాత పారిష్ (ఊరి చర్చి) కాగితాలు, యుద్ధకాలపు స్థానిక పత్రికలు చదవడం ఎన్నాళ్లుగానో ఉన్న అలవాటు. కాబట్టి కొంచెం పెద్ద సమాధానమే ఇస్తున్నాను.

గూఢచారి ఎందుకు వద్దు

ఈ తరహా కథలో పాఠకుడికి తృప్తి ఎక్కడొస్తుందంటే, మొదటి అధ్యాయం నుంచీ మనతోపాటు కూర్చుని టీ తాగినవాడే హంతకుడని తెలిసినప్పుడు. గూఢచారి బయటివాడు. వాడికి కల్నల్ మీద పగ లేదు, ఆస్తి తగాదా లేదు, పాత ప్రేమ లేదు. వాడు చంపాడంటే మిగతా ఊరంతా నిర్దోషి అయిపోతుంది. అంతసేపూ మనం అనుమానించిందంతా వృథా అయిపోతుంది.

పైగా చరిత్ర కూడా మీకు సాయం చేయదు. బ్రిటన్‌కు జర్మనీ పంపిన గూఢచారులు దాదాపు అందరూ త్వరగానే దొరికిపోయారు. 1940 సెప్టెంబరు మొదట్లో కెంట్ తీరాన పడవ దిగినవాళ్లలో కార్ల్ మేయర్ ఒకడు. వాడు లిడ్ అనే ఊళ్లో పొద్దున్నే పబ్బుకెళ్లి సైడర్ (ఆపిల్ పండ్ల మద్యం) అడిగాడు. అప్పట్లో ఇంగ్లండ్‌లో పుట్టినవాడెవడికైనా ఆ వేళకు పబ్బులో మందు పోయరని తెలుసు. పబ్బు నడిపే ఆవిడకు అనుమానం వచ్చింది, వాడు దొరికిపోయాడు. వాడినీ, తోటివాడు వాల్డ్‌బర్గ్‌నూ డిసెంబరు 10న లండన్‌లో ఉరితీశారు. మీరు ఇందులోంచి తీసుకోవాల్సింది గూఢచారిని కాదు, పబ్బు ఆవిడను. ఊరి నడవడి తెలిసిన మనిషికి అందులో పొరపాటు ఇట్టే కనబడుతుంది. మీ డిటెక్టివ్ అలాంటి మనిషి కావాలి.

ఊరంతా గూఢచారి గురించి గుసగుసలాడటం మాత్రం తప్పకుండా ఉంచండి. 1940 వేసవిలో నిజంగానే అలా ఉండేది. ఆ భయం వల్ల నష్టపోయింది ఎవరో కూడా చూపించండి. హిట్లర్ బారి నుంచి తప్పించుకుని ఇళ్లలో పనిమనుషులుగా చేరిన యూదు స్త్రీలు ఎన్నో ఇంగ్లిష్ ఇళ్లలో ఉండేవారు. ఆ మే, జూన్ నెలల్లో జర్మన్, ఆస్ట్రియన్ పౌరుల్ని పెద్ద సంఖ్యలో నిర్బంధించి, చాలామందిని ఐల్ ఆఫ్ మాన్ దీవికి పంపారు. జర్మన్ యాస ఉన్న వంటమనిషి మీద ఊరు వేలు చూపిస్తుంది. ఆమె నిర్దోషి అని మీకు తెలుసు, డిటెక్టివ్‌కు తెలుసు. ఆమెను కాపాడాలన్న తొందర కథను నడిపిస్తుంది.

ఎవరు ఏం దాస్తున్నారు

ప్రతి పాత్రకూ ఆ రాత్రి గురించి దాచుకోవాల్సిన విషయం ఒకటి ఇవ్వండి. రైతు లెక్కలో చూపని పందిని కోశాడు. డాక్టరు తన వృత్తి కోసం ఇచ్చిన పెట్రోలును ప్రేయసి ఇంటికి వెళ్లడానికి వాడాడు. షాపు ఆయన చక్కెర పక్కదారి పట్టించాడు. ఇవన్నీ శిక్షపడే నేరాలే, కానీ పాఠకుడు క్షమించేస్తాడు.

వీటన్నిటికంటే నాకు బాగా నచ్చే అబద్ధం వేరే ఉంది. 1940 వేసవిలో, జర్మన్లు దిగితే వెనకనుంచి దెబ్బతీయడానికి ఆక్సిలరీ యూనిట్స్ అనే రహస్య దళాలను తయారుచేశారు. రైతులు, అడవి కాపలాదార్లు, దొంగచాటుగా వేటాడేవాళ్లు ఇందులో చేరారు. అడవుల్లో నేల కింద దాక్కునే గదులు, పైన ఆకులు కప్పిన తలుపులు. భార్యకు కూడా చెప్పకూడదు. పైకి మాత్రం హోమ్ గార్డ్ (ఊళ్లను కాపాడే వాలంటీర్ల దళం) యూనిఫామ్. వీళ్ల శిక్షణ కోల్స్‌హిల్ హౌస్ అనే బంగళాలో జరిగేది. అక్కడికి వచ్చేవాళ్లు నేరుగా వెళ్లేవారు కాదు. ముందు విల్ట్‌షైర్‌లోని హైవర్త్ పోస్టాఫీసుకు వెళ్లాలి. పోస్ట్‌మిస్ట్రెస్ మేబెల్ స్ట్రాంక్స్ వాళ్లను పరీక్షగా చూసి, లోపలికెళ్లి ఫోన్ చేస్తే, అప్పుడు బండి వచ్చేది. మీ కథలో ఉన్న పోస్టాఫీసు ఆవిడకు ఇంతకంటే మంచి రహస్యం ఏముంటుంది?

ఇప్పుడు ఆలోచించండి. హత్య జరిగిన రాత్రి ఒక యువరైతు ఇంట్లో లేడు. ఎక్కడున్నావని అడిగితే చెప్పడు. ఊళ్లో కొందరు అతణ్ని పిరికివాడని, సైన్యంలో చేరలేదని ఇప్పటికే ఎగతాళి చేస్తున్నారు. మెడకు ఉరి బిగుస్తున్నా నోరు విప్పడు, ఎందుకంటే ప్రమాణం చేశాడు. అతను అబద్ధమాడుతున్నాడని పాఠకుడికి తెలుస్తుంది, ఎందుకో తెలియదు.

నెల ఎందుకంత ముఖ్యం

నేను చూసే మాన్యుస్క్రిప్టుల్లో ఎక్కువగా జారేది ఇక్కడే. 'యుద్ధకాలం' అని ఆరేళ్లనూ ఒకే ముద్దగా కలిపేస్తారు. నిజానికి నిబంధనలు ఒక్కోటి ఒక్కో తేదీన వచ్చాయి, కొన్ని మధ్యలోనే పోయాయి.

మీ పిల్లల సంగతే తీసుకోండి. 1939 సెప్టెంబరు మొదటి రోజుల్లో నగరాల నుంచి పల్లెలకు వచ్చిన పిల్లల్లో చాలామంది, బాంబులేవీ పడకపోయేసరికి, కొన్ని నెలల్లోనే ఇళ్లకు వెళ్లిపోయారు. 1940 శరదృతువులో లండన్ మీద దాడులు మొదలయ్యాక మళ్లీ వచ్చారు. మీ కథ 1940 మార్చిలో అయితే, ఊళ్లో మిగిలిన పిల్లలు ఎందుకు మిగిలారో చెప్పాలి. ఇంటికి పిలిపించుకునే మనిషి లేని పిల్లవాడు మంచి సాక్షి అవుతాడు.

హోమ్ గార్డ్ అన్న పేరు 1940 జులైలో వచ్చింది. అంతకుముందు మే 14 నుంచి అది లోకల్ డిఫెన్స్ వాలంటీర్స్. దారి చూపే బోర్డులు 1940 మే చివర్లో, జూన్‌లో పీకేశారు. రేడియోలో వాతావరణ సూచన యుద్ధమంతా లేదు. కాబట్టి 'రేపు మంచు పడుతుందని రేడియోలో విన్నాను' అని 1941లో ఎవరైనా అన్నారంటే, వాళ్లు అబద్ధమాడుతున్నట్టు లెక్క. ఆ మాటను మీరు కావాలని వాడుకోవచ్చు కూడా.

చర్చి గంటల సంగతి చూడండి. 1940 జూన్‌లో గంటలు కొట్టడం నిషేధించారు. ఆకాశం నుంచి శత్రువు దిగినప్పుడు మాత్రమే మోగాలి. ఈజిప్టులో ఎల్ అలమీన్ దగ్గర గెలిచిన తర్వాత 1942 నవంబరు 15న దేశమంతా మోగించారు. అంటే రెండేళ్లకు పైగా గంటలు మోగించేవాళ్లకు పైకెక్కే పనిలేదు. నేనైతే మీ నవలను ఆ ఆదివారం ఉదయం మొదలుపెడతాను. ఊరి ముసలివాళ్లు తాళ్లు సవరించడానికి గంటల గదిలోకి వెళ్లగానే అక్కడ ఉండకూడనిది ఏదో దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త: చర్చి గోపురాలను హోమ్ గార్డ్ కాపలాకు వాడుకునేవారు. మీ ఊళ్లో అలా కాదని ముందే ఎక్కడో ఒక వాక్యంలో పెట్టండి. లేదా వాడుకున్నారని పెట్టి, కాపలా జాబితాను ఆధారంగా మార్చుకోండి.

ఇంకొకటి గడియారం. 1941 మే నుంచి వేసవిలో గడియారాలను గ్రీనిచ్ సమయానికి రెండు గంటలు ముందుకు జరిపారు. చలికాలంలో కూడా ఒక గంట ముందే. దీనివల్ల జూన్ చివర్లో దక్షిణ ఇంగ్లండ్‌లో సూర్యుడు రాత్రి 10.20 ప్రాంతంలో అస్తమించేవాడు. 'పది గంటలకు చీకట్లో ఎవరో తోట దాటడం చూశాను' అని 1942 జూన్‌లో ఒక సాక్షి చెబితే అది పచ్చి అబద్ధం. డిసెంబరులో దీనికి సరిగ్గా తలకిందులు: ఉదయం తొమ్మిదికి కూడా సూర్యుడు ఉదయించేవాడు కాదు. ఆవులు గడియారం చూడవు కాబట్టి పాలు పితికేవాడి రోజు ఒక లెక్కలో, పోస్టాఫీసు రోజు మరో లెక్కలో నడుస్తుంటాయి. ఇద్దరూ నిజమే చెబుతూ, ఒకరి మాట ఒకరు కాదనే సన్నివేశం మీకు ఉచితంగా వచ్చేస్తుంది.

టీ బల్ల మీద ఏముంది

కోజీ కథలో విషప్రయోగం లేకపోతే వెలితిగా ఉంటుంది. రేషన్ దీనికి చాలా ఉపకరిస్తుంది. 1940 జనవరి 8న బేకన్, వెన్న, చక్కెరతో రేషన్ మొదలైంది. ఆ జులైలో టీ కూడా చేరింది, మనిషికి వారానికి రెండు ఔన్సులు, అంటే 57 గ్రాములు. చక్కెర యుద్ధకాలంలో ఎక్కువగా ఎనిమిది ఔన్సులు ఉండేది. కాబట్టి ఒకరింటికి టీకి వెళ్లేవాళ్లు తమ చక్కెర తామే చిన్న డబ్బాలో తీసుకెళ్లడం మర్యాద. ఒకే ఇంట్లో ఉండే పేయింగ్ గెస్టుల వెన్న కూడా పేరు రాసిన వేర్వేరు గిన్నెల్లో ఉండేది.

మామూలు రోజుల్లో అందరూ ఒకే చక్కెర గిన్నెలోంచి వేసుకునే బల్ల దగ్గర ఒక్క మనిషికే విషం పెట్టడం ఎంత కష్టం! ఇక్కడ మూత మీద 'కల్నల్' అని కాగితం అంటించిన డబ్బా ఉంది. ఆయన కోటు జేబులోంచి తీస్తాడు, చెంచా అంచుతో చదును చేసి అరచెంచా వేసుకుంటాడు, మూత బిగించి మళ్లీ జేబులో పెట్టుకుంటాడు. ఆ కోటు వారంలో ఎవరెవరి ఇళ్లలో, ఏ వసారాలో కొక్కేనికి వేలాడిందో కనుక్కుంటే చాలు. డిటెక్టివ్ ఇల్లిల్లూ తిరగడానికి కారణం దొరికేసింది.

విషం ఎక్కడ కొన్నారన్నది కూడా వదిలేయకండి. మందుల షాపులో విషాల రిజిస్టరు ఉండేది. కొనేవాళ్లు సంతకం పెట్టాలి. పల్లెలో ఆ రిజిస్టరు రాసే మనిషికి అందరి చేతిరాతా తెలుసు.

ఒక్కమాట. మొదటి మాన్యుస్క్రిప్టుల్లో వచ్చే పొరపాట్లు కొన్ని ఇక్కడే చెప్పేస్తాను. యుద్ధకాలంలో బ్రెడ్డుకు రేషన్ లేదు, అది 1946 జులైలో వచ్చింది. బ్లాక్ మార్కెట్‌ను పట్టుకోవడానికి ఎర్రరంగు కలిపిన పెట్రోలు 1948 నాటిది. 'కీప్ కామ్ అండ్ క్యారీ ఆన్' పోస్టరు 1939లో అచ్చయింది కానీ జనం మధ్య అతికించింది దాదాపు లేదు, కాబట్టి పోస్టాఫీసు గోడ మీద పెట్టకండి. ఎండబెట్టిన గుడ్ల పొడి డబ్బాలు 1942 నుంచే ఇళ్లకు వచ్చాయి.

కాగితాలు, కారు తాళాలు

1939 సెప్టెంబరు 29న దేశమంతా జనాన్ని నమోదుచేసి గుర్తింపు కార్డులిచ్చారు. మామూలు కార్డు మీద ఫొటో ఉండేది కాదు. లండన్‌లో ఇల్లు కూలిపోయి, ఊరికి కొత్తగా వచ్చిన మనిషి తాను ఫలానా అని కార్డు చూపిస్తే నమ్మడం తప్ప ఊరికి వేరే దారి లేదు. వారసత్వం తగాదా ఉన్న కథకు ఇంతకంటే ఏం కావాలి. రేషన్ పుస్తకాన్ని ఒక్క షాపులోనే నమోదు చేసుకోవాలి కాబట్టి, ఏ ఇంట్లో ఎన్ని నోళ్లున్నాయో షాపు ఆయనకు తెలుసు. ఎప్పుడో చనిపోయిన అత్తగారి పుస్తకం మీద ఇంకా టీ తీసుకుంటున్న ఇల్లు ఒకటి పెట్టండి.

ఆపి ఉంచిన కారును శత్రువు వాడుకోకుండా, కదలకుండా చేయాలన్న ఉత్తర్వు కూడా 1940లో వచ్చింది. ఇంజనులోని రోటర్ ఆర్మ్ అనే చిన్న భాగాన్ని తీసి జేబులో వేసుకునేవారు. ఇది లేనిదే కారు కదలదు. అర్ధరాత్రి డాక్టరు కారు కదిలిందంటే, ఆ అరచేతిలో పట్టే ముక్క ఎవరి దగ్గరుందన్నదే ప్రశ్న.

నిజంగా జరిగినవి రెండు

యుద్ధాన్ని అడ్డుపెట్టుకుని హత్యను దాచిన నిజమైన కేసు హ్యారీ డాబ్కిన్‌ది. అతను లండన్‌లో ఫైర్ వాచర్, అంటే బాంబులతో మంటలు లేస్తే కనిపెట్టే కాపలాదారు. 1941లో భార్యను చంపి, బాంబుదాడిలో దెబ్బతిన్న బాప్టిస్ట్ చాపెల్ కింద పూడ్చాడు. ఎప్పుడైనా దొరికినా బాంబుకు పోయిన మనిషి అనుకుంటారని అతని లెక్క. 1942 జులైలో కూలీలకు ఎముకలు దొరికాయి. పాథాలజిస్టు కీత్ సింప్సన్ పళ్ల రికార్డులతో ఆమెను గుర్తించాడు. గొంతులోని మృదులాస్థి విరిగిన తీరు చూసి గొంతు నులిమారని తేల్చాడు. 1943 జనవరిలో డాబ్కిన్‌ను ఉరితీశారు. బాంబుల రాత్రి హత్య అన్న మీ ఆలోచన అప్పటి పోలీసులకే పాతది. అందుకే దాన్ని అసలు మలుపుగా పెట్టుకోవద్దన్నాను.

రెండోది పల్లెలోనే జరిగింది, నేనుండే చోటికి మరీ దూరం కాదు. వార్విక్‌షైర్‌లో లోయర్ క్వింటన్. 1945 ఫిబ్రవరి 14న, కంచె మొక్కలు కత్తిరించే పనికి వెళ్లిన 74 ఏళ్ల చార్లెస్ వాల్టన్‌ను అతని పనిముట్లతోనే ఘోరంగా చంపారు. స్కాట్లండ్ యార్డ్ నుంచి పేరున్న డిటెక్టివ్ రాబర్ట్ ఫేబియన్ వచ్చాడు. దగ్గర్లోని శిబిరంలో ఉన్న ఇటాలియన్ యుద్ధఖైదీలను ప్రశ్నించారు. ఎవరి మీదా నేరం మోపలేకపోయారు, కేసు ఇప్పటికీ తేలలేదు. తర్వాత దీనికి మంత్రగత్తెల కథలు అంటుకున్నాయి. నన్ను పట్టేసేది ఆ కథలు కాదు. ఊరు మొత్తం బయటి పోలీసు ముందు మూగబోవడం. మీ డిటెక్టివ్ ఊరి మనిషే ఎందుకు కావాలో ఈ కేసు చెబుతుంది.

ఆ మనిషి ఎవరు? పోలీసు వ్యవస్థ ప్రకారం మొదట సైకిల్ మీద ఊరి కానిస్టేబుల్ వస్తాడు, తర్వాత కౌంటీ (జిల్లా) ఇన్‌స్పెక్టరు, కౌంటీ పోలీసు పెద్ద అయిన చీఫ్ కానిస్టేబుల్ కోరితే స్కాట్లండ్ యార్డ్. మీకు కావలసింది వీళ్లెవరూ వెళ్లలేని వంటింట్లోకి వెళ్లగల మనిషి. నా ఓటు బిల్లెటింగ్ ఆఫీసరుకు. తరలివచ్చిన పిల్లల్ని ఎవరింట్లో ఉంచాలో నిర్ణయించే ఊరి మనిషి ఈమె. ఏ ఇంట్లో ఎన్ని గదులున్నాయో, ఏ గది 'ఖాళీ లేదు' అని అబద్ధం చెప్పారో ఆమెకు తెలుసు. మొదటి పిల్లవాడికి వారానికి పది షిల్లింగుల ఆరు పెన్నీలు ఇచ్చేవారు, ఆ డబ్బు కోసమే పిల్లల్ని పెట్టుకున్న ఇళ్లూ ఆమెకు తెలుసు. వైమానిక దాడుల వేళ ఊరిని కనిపెట్టుకుని ఉండే ఎయిర్‌రెయిడ్ వార్డెన్ కూడా బాగుంటాడు. ఇల్లు కూలితే ఎక్కడ తవ్వాలో తెలియాలి కాబట్టి, ఎవరు ఏ గదిలో పడుకుంటారో రాసుకునేవాడు. ఆ పుస్తకాన్ని ఊరంతా ఎలా చూస్తుందో ఊహించండి.

ఆమెను ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: రోజుకు వందలమంది చస్తుంటే ఒక్క ముసలి కల్నల్ కోసం ఇంత గొడవెందుకని. ఆ ప్రశ్నను దాటేయకండి. నాకు ఈ తరహా కథలంటే ఇంత ప్రేమ ఉండటానికి కారణమే అది. ఆమె జవాబు మీరు మనసుపెట్టి రాయాలి, ప్రసంగంలా కాకుండా. అప్పటి చట్టం ప్రకారం హంతకుడికి ఉరిశిక్ష ఖాయమన్న సంగతి కూడా ఆమెకు తెలుసు. వాళ్లింట్లోనే ఇద్దరు పిల్లల్ని ఉంచింది ఆమేనని పెడితే, చివరి అధ్యాయం దానంతటదే బరువెక్కుతుంది.

తెలుగు పాత్ర సంగతి

పెట్టొచ్చు, కానీ అతను అక్కడెందుకున్నాడో నిజమైన కారణం ఉండాలి. ఇంగ్లిష్ పల్లెల్లో భారతీయ సైనికులు నిజంగానే ఉండేవారు: ఫోర్స్ కె6 అనే కంచరగాడిదల దళం. 1939 చివర్లో ఫ్రాన్స్ చేరింది; 1940లో జర్మన్లు ఫ్రాన్స్‌ను ఆక్రమించినప్పుడు అందులో చాలామంది తప్పించుకుని బ్రిటన్ వచ్చారు. అయితే వాళ్లలో ఎక్కువమంది పంజాబీ ముస్లింలు, అక్కడ తెలుగువాణ్ని ఇరికించకండి. పైచదువుకు ఎడిన్‌బరో వచ్చి, యుద్ధం వల్ల తిరిగి వెళ్లలేక, సైన్యానికి వెళ్లిన పల్లె డాక్టరు స్థానంలో పనిచేస్తున్న మద్రాసు మెడికల్ కాలేజీ పట్టభద్రుడైతే నప్పుతాడు. అతని కుటుంబం విశాఖపట్నంలో ఉందనుకోండి. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద జపాన్ బాంబులు వేసింది. ఇంగ్లండ్‌లో క్షేమంగా ఉండి, ఇంటినుంచి ఉత్తరం కోసం వారాల తరబడి ఎదురుచూసే డాక్టరు. ఆ ఉత్తరం ముందు చేరేది పోస్టాఫీసు ఆవిడ చేతికి. మొదట అతన్ని అనుమానించిన మనిషే, ఉత్తరం రాగానే సైకిలెక్కి పరుగున తెచ్చిస్తుంది. ఇంతకు మించి అతని గురించి పెద్దగా వివరించనక్కర్లేదు.

ఊరి పేరు కల్పితమే ఉంచండి, కౌంటీ మాత్రం నిజమైనది ఎంచుకోండి. తూర్పు, దక్షిణ తీరాలకు దగ్గరైతే 1940 వేసవి నుంచి బయటివాళ్ల రాకపోకల మీద ఆంక్షలు ఉండేవి, అక్కడ ఉంచిన పిల్లల్ని మళ్లీ వేరే చోటికి మార్చారు. అలాంటి ఊళ్లో కొత్త మనిషి అడుగుపెట్టడమే పెద్ద సంగతి. వేల్స్ సరిహద్దు వైపు అయితే అంత కట్టడి లేదు, కొత్త ముఖాలు ఎక్కువ. మీ ఊరు ఏ కౌంటీలో ఉందో, ఏ నెల అనుకుంటున్నారో కింద రాయండి. ఆ నెలలో రేషన్ ఎంతో, బ్లాకౌట్ (రాత్రి వెలుతురు బయటికి కనబడకుండా కప్పేయాల్సిన సమయం) ఎన్నింటికో చూసి చెబుతాను.